ఆ మాట అన్నది ఎవరు, విన్నది ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

బైబిల్లో బాధ గురించీ పగ గురించీ ఉన్న వాక్యాలు ఒకదానితో ఒకటి పొసగవని వాదిస్తూ మీ పత్రిక ప్రచురించిన వ్యాసాన్నీ, దానిమీద వరుసగా వచ్చిన పాఠకుల లేఖలనూ శ్రద్ధగా చదివాను. వ్యాసకర్త ఎడమవైపు ఒక వాక్యం, కుడివైపు దానికి ఎదురు నిలిచే వాక్యం పెట్టి, ఇన్ని వైరుధ్యాలున్న గ్రంథాన్ని మనిషి దుఃఖంలో ఎలా నమ్ముకుంటాడని అడిగారు. లేఖలు రాసినవారిలో కొందరు ఆయనతో ఏకీభవించారు. ఎక్కువమంది మాత్రం వైరుధ్యమన్నదే లేదనీ, ఆయనకు చదవడం రాలేదనీ తీసిపారేశారు. నేను విశ్వాసిని, ముప్పై ఏళ్లుగా బైబిలు తరగతి నడుపుతున్నవాడిని. అయినా ఆ రెండో వర్గం పక్షాన మాట్లాడలేను. వ్యాసకర్త చూపిన వాక్యాలు నిజంగానే ఢీకొంటాయి. అయితే ఆయన పట్టికలో ఒక గడి తక్కువైంది. ఆ మాట ఎవరి నోట వచ్చింది, ఎవరి చెవిన పడింది అన్న వివరం అందులో లేదు. నా మనవి అంతా ఆ గడి గురించే.

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. “నీ శత్రువు పడినప్పుడు సంతోషింపకుము” అని సామెతల గ్రంథం 24వ అధ్యాయం చెబుతుంది. ప్రతిదండన జరగడం చూసి నీతిమంతులు సంతోషిస్తారనీ, భక్తిహీనుల రక్తంలో పాదాలు కడుక్కుంటారనీ 58వ కీర్తన చెబుతుంది. “నీతిమంతునికి ఏ ఆపదయు సంభవింపదు” అని సామెతలు 12వ అధ్యాయంలో ఉంటే, “నీతిమంతునికి కలుగు ఆపదలు అనేకములు” అని 34వ కీర్తనలో ఉంది. అష్షూరు రాజధాని నీనెవె అనే ఒకే పట్టణం గురించి రెండు చిన్న ప్రవచన గ్రంథాలున్నాయి. నహూము తన గ్రంథాన్ని రోషం గల దేవుడు, ప్రతికారం చేసే దేవుడు అంటూ మొదలుపెడితే, యోనా గ్రంథం కుడియెడమలు ఎరుగని లక్షా ఇరవై వేలమంది మనుషుల మీదా, చివరికి ఆ ఊరి పశువుల మీదా దేవుడు జాలిపడే ప్రశ్నతో ముగుస్తుంది. ఇటువంటివాటిని “సందర్భం చూడాలి” అన్న ఒక్క మాటతో దాటవేయడం నాకు నిజాయితీగా తోచదు. సందర్భం చూడమనేవారు ఆ సందర్భం ఏమిటో కూడా చెప్పాలి.

ఈ ప్రశ్న నన్ను పట్టుకున్నది ఒక చావు ఇంట్లో. మా తరగతికి వచ్చే ఒక తల్లికి ఒక్కగానొక్క కొడుకు. చిన్న తగాదాలో నలుగురు కలిసి అతణ్ణి కొట్టి చంపారు. మూడో రోజున మేం కొందరం పరామర్శకు వెళ్లాం. ఆమె గోడకు ఆనుకుని నేలమీద కూర్చున్నారు. బైబిలు ఒళ్లో ఉంది గాని తెరవలేదు, దాని అట్ట అంచును బొటనవేలితో రాస్తూ ఉన్నారు. వచ్చినవారిలో ఒకరు, దేవుని ప్రేమించేవారికి సమస్తమూ సమకూడి మేలుకే జరుగుతుందన్నారు. మరొకరు, ప్రభువు తాను ప్రేమించేవాణ్ణి శిక్షిస్తాడన్నారు. మూడో మనిషి, “పగ మనసులో పెట్టుకోకమ్మా, క్షమించెయ్యి” అన్నాడు. ఆమె అప్పటిదాకా పగ అన్న మాటే ఎత్తలేదు. ఆ మూడో మనిషిని నేనే. ఆమె తలెత్తి నావైపు చూశారు, ఏమీ అనలేదు. కొన్ని నెలల తరువాత తరగతి ముగిసి అందరూ వెళ్లిపోయాక ఆగి, “మాస్టారూ, 109వ కీర్తన చదవడం తప్పా?” అని అడిగారు. శత్రువును శపిస్తూ సాగే కీర్తన అది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ లేఖలో రాస్తున్నదంతా ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేర్చుకున్నదే.

పగ సంగతి మొదట చూద్దాం. బైబిల్లో పగను గొప్పగా చెప్పుకున్న తొలి మనిషి లెమెకు. తనను గాయపరచినందుకు ఒక మనిషిని చంపానని భార్యల ముందు పాడుతూ, తమ్ముణ్ణి చంపిన తన పూర్వీకుడు కయీను కోసం ఏడంతల ప్రతిదండన వస్తే తన కోసం డెబ్బై ఏడంతలు వస్తుందంటాడు. ఆదికాండం 4వ అధ్యాయంలోని ఆ పాటను పక్కన పెట్టుకుని చదివితే తప్ప “కంటికి కన్ను, పంటికి పల్లు” అన్న మోషే ధర్మశాస్త్రపు మాట బరువు తెలియదు. ఒక గాయానికి ఒక ప్రాణం తీసే లోకంలో, కంటికి కన్నే గాని ప్రాణం కాదు అని ఆ మాట గీత గీసింది. ఆ ప్రాంతంలోనే అంతకుముందు వెలసిన శాసనాలతో పోల్చినా కొంత తెలుస్తుంది. క్రీస్తుపూర్వం 18వ శతాబ్దపు హమ్మురాబి శాసనంలో కులీనుడి కన్ను పోగొడితే దోషి కన్నే పోతుంది, సామాన్యుడి కంటికైతే వెండి జరిమానా, బానిస కంటికైతే అతని వెలలో సగం. ఇల్లు కట్టినవాడి లోపం వల్ల కూలి ఇంటి యజమాని కొడుకు చనిపోతే, కట్టినవాడి కొడుకును చంపాలి. నిర్గమకాండం 21వ అధ్యాయంలో “కంటికి కన్ను” అన్న వెంటనే వచ్చే వచనాలు, యజమాని తన దాసుడి కన్ను గాని పల్లు గాని పోగొడితే ఆ దాసుణ్ణి స్వతంత్రుడిగా పంపివేయాలంటాయి. అక్కడ యజమాని కన్ను పీకరు. అంటే ఆ సూత్రాన్ని అక్షరాలా అమలుచేయని సందర్భం ఆ అధ్యాయంలోనే ఉంది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మ సంకలనమైన మిష్నా, గాయపరచినవాడు నష్టానికీ, నొప్పికీ, వైద్యానికీ, పోయిన పనికీ, అవమానానికీ పరిహారం చెల్లించాలని లెక్కకట్టింది. శత్రువులను ప్రేమించమన్న యేసు కొండమీది ప్రసంగం వచ్చేదాకా ఈ గ్రంథం పగనే బోధించిందనే అభిప్రాయం చాలామంది క్రైస్తవుల్లో కూడా ఉంది గనుక ఇంత వివరంగా రాస్తున్నాను. అది యూదుల పట్ల మనం చేసే అన్యాయం కూడా. “నీ శత్రువును ద్వేషించుము” అన్న ఆజ్ఞ ధర్మశాస్త్రంలో ఎక్కడా లేదు. శత్రువు ఎద్దు తప్పిపోతే తోలుకొచ్చి అప్పగించాలనీ, పగవాడి గాడిద బరువు కింద పడిపోతే చేయి వేసి లేపాలనీ మాత్రం నిర్గమకాండం 23లో ఉంది.

లెమెకు లెక్క అక్కడితో ముగియలేదు. సహోదరుణ్ణి ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని శిష్యుడు పేతురు అడిగినప్పుడు యేసు చెప్పిన “డెబ్బది ఏళ్ల మారులు” (ఇక్కడ ఏళ్లంటే ఏడులు) అన్న సంఖ్యకు గ్రీకులో ఉన్న పదాలే, పాత నిబంధన గ్రీకు అనువాదంలో లెమెకు నోట ఉన్నాయి. పగకు వాడిన అంకెను క్షమకు తిప్పారు. ఇది ఢీకొనడమే. అయితే తెలిసి ఢీకొనడం.

ఇక “పగతీర్చుట నా పని” అన్న మాట. “కీడుకు ప్రతికీడు చేయకూడదు” అని లేవీయకాండం 19:18 మనిషికి చెబుతుంది. పొరుగువాణ్ణి నీవలె ప్రేమించమన్న ఆజ్ఞ కూడా ఆ వచనంలోనే ఉంది. ద్వితీయోపదేశకాండం 32:35లో పగతీర్చడమూ ప్రతిఫలమివ్వడమూ తనవేనని దేవుడు అంటాడు. హీబ్రూలో రెండు చోట్లా ఒకే ధాతువు. ఒక చోట నిషేధించిన పనినే మరొక చోట దేవుడు తనదని చెప్పుకుంటున్నాడు గనుక ఇది ద్వంద్వనీతి కాదా అని వ్యాసకర్త అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ రెండు మాటలూ వేర్వేరు దిక్కుల నుంచి ఒకే పని చేస్తున్నాయి: గాయపడ్డవాడి చేతిలోంచి కత్తి తీసుకుంటున్నాయి, అతని ఫిర్యాదును మాత్రం కొట్టివేయడం లేదు. రోమా సంఘానికి రాసిన పత్రిక 12వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు ఈ రెంటినీ కలిపే, మీకు మీరే పగ తీర్చుకోక దేవుని ఉగ్రతకు చోటివ్వండి అని రాశాడు. చోటివ్వండి అన్నాడు గాని ఉగ్రతే ఉండదని అనలేదు. ఈ తేడాను నేను ముప్పై ఏళ్లు చదివి కూడా గమనించలేదు.

ఇక్కడ అనువాదం కూడా మనల్ని కొంత తప్పుదారి పట్టిస్తుంది. తెలుగులో పగ అనగానే పాము పగ, తరతరాల పగ, లోలోపల కాచుకుని కూర్చునే కక్ష గుర్తొస్తాయి. పౌలు రోమా 12:19లో వాడిన గ్రీకు మాట అంత ఇరుకైనది కాదు. ఆరు వచనాల తరువాత, నేరం చేసినవాణ్ణి శిక్షించే అధికారి “ప్రతికారము చేయు” దేవుని పరిచారకుడని అన్నచోట ఆ ధాతువే ఉంది. లూకా 18లో యేసు చెప్పిన కథలో, అన్యాయస్థుడైన న్యాయాధిపతి గుమ్మం విడవకుండా తిరిగిన విధవరాలు “నాకు న్యాయము తీర్చుము” అన్నచోటా ఆ ధాతువే. ప్రకటన గ్రంథం 6లో విశ్వాసం కోసం చంపబడిన హతసాక్షులు “ఎందాక” అని మొరపెడుతూ అడిగే ప్రతిదండనకూ అదే. ఒకే మూలం తెలుగులో పగ, ప్రతికారం, న్యాయం, ప్రతిదండన అని నాలుగు రంగుల్లో కనిపిస్తుంది. పగ వద్దన్న పౌలు, న్యాయం కోసం కాళ్లరిగేలా తిరిగిన విధవరాలిని మెచ్చుకున్న యేసుకు ఎదురు మాట్లాడుతున్నట్టు మనకు తోచడానికి కొంత కారణం ఇదే. మరికొంత కారణం అధ్యాయాల విభజన. బైబిలును ఇప్పుడున్న అధ్యాయాలుగా విభజించింది 13వ శతాబ్దంలో. కొత్త నిబంధనకు నేటి వచన సంఖ్యలు వేసింది 1551లో రొబేర్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు. పౌలు రాసిన లేఖలో 12వ అధ్యాయానికీ 13వ అధ్యాయానికీ మధ్య ఖాళీ లేదు. నువ్వు కత్తి పట్టకు అన్న మాటా, అధికారి కత్తిని ఊరికే ధరించడు అన్న మాటా ఒకే ఊపులో వస్తాయి. మనం మొదటిది ఒక ఆదివారం, రెండోది మరో ఆదివారం చదువుకుంటున్నాం.

ఒక చెంపమీద కొడితే రెండో చెంప చూపమన్న యేసు తానే విచారణలో చెంపదెబ్బ తిన్నప్పుడు ఏం చేశాడో యోహాను 18 చెబుతుంది. రెండో చెంప చూపలేదు, తిరిగి కొట్టలేదు. నేను కాని మాట అంటే అదేమిటో చెప్పు, మంచి మాట అయితే నన్నెందుకు కొట్టావు అని కొట్టినవాణ్ణే నిలదీశాడు. పౌలు కూడా విచారణ లేకుండా కొరడాలతో కొట్టబోతుంటే రోమా పౌరుణ్ణని అడ్డుచెప్పాడు, చివరికి రోమా చక్రవర్తి కైసరుకే చెప్పుకుంటానన్నాడు. కనుక హత్య కేసులో సాక్ష్యం చెప్పడానికి వెళ్లే తల్లిని “పగ వద్దమ్మా” అని ఆపడానికి రోమా 12 చాలదు. ఆ తల్లి అడిగేది ఆ విధవరాలు అడిగినదే.

ఇప్పుడు శాప కీర్తనల దగ్గరికి వస్తాను. అన్నిటికంటే కష్టమైనవి ఇవి. బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చామంటూ మొదలయ్యే 137వ కీర్తన చివరి వచనం, “నీ పసిపిల్లలను పట్టుకొని వారిని బండకు వేసి కొట్టువాడు ధన్యుడు” అంటుంది. దీన్ని మృదువుగా చెప్పే దారి లేదు, నేను వెతకను కూడా. కతోలిక గురువులూ సన్యాసులూ రోజూ చదువుకునే ప్రార్థన గ్రంథం 1971లో సవరించిన రూపంలో వెలువడినప్పుడు 58, 83, 109 కీర్తనలను పూర్తిగా విడిచిపెట్టారు. మరికొన్నింటిలో, 137తో సహా, కఠినమైన వచనాలను తొలగించారు. ప్రార్థించేవారి మనసుకు ఇబ్బంది కలుగుతుందనే ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ ఆ నిర్ణయం పొరపాటని నా అభిప్రాయం. 137వ కీర్తన పాడినవారు యెరూషలేము కూలడం చూసినవారు. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దం తొలి పాదంలో బబులోను సైన్యం ఆ పట్టణాన్ని తగులబెట్టి జనాన్ని చెరపట్టుకుపోయింది. ఆ పాట పాడేవారి చేతిలో కత్తి లేదు, గోడకు వేలాడదీసిన సితారలున్నాయన్నా సరిపోదు, వాటిని కూడా నది ఒడ్డున చెట్లకు తగిలించేశారు. చంపమని ఎవరికీ ఆజ్ఞ ఇవ్వడం లేదు. తమ పిల్లలకు ఏం జరిగిందో ఆ వచనంలో మనకు వినబడుతోంది, ఎందుకంటే “నీవు మాకు చేసిన క్రియలకు” ప్రతిగా అన్న మాట దాని ముందే ఉంది. ఆ ఒక్క వచనం తీసేస్తే పాట అందంగా మిగులుతుంది, జరిగిన ఘోరం మాత్రం కనబడకుండా పోతుంది.

అదే వచనాన్ని ఒక సైన్యాధిపతి దాడికి ముందు సైనికులకు చదివి వినిపిస్తే అది మరో మాట అవుతుంది. అక్షరం మారలేదు, నోరు మారింది. నా వాదన మొత్తానికి ఇదే ఇరుసు. ప్రవక్త యిర్మీయా కూడా తనపై కుట్ర చేసినవారిమీద నీ ప్రతిదండన చూడనివ్వమని దేవుణ్ణి అడిగాడు. నా వ్యాజ్యం నీకే అప్పగించానని అక్కడే చెప్పాడు. యేసు గురించి పేతురు మొదటి పత్రికలో, దూషించినా తిరిగి దూషించక న్యాయంగా తీర్పు తీర్చే దేవునికి తన్ను తాను అప్పగించుకున్నాడని ఉంది. యిర్మీయా అరిచి అప్పగించాడు, యేసు మౌనంగా అప్పగించాడు. స్వరం వేరు, ఇద్దరూ చేసిన పని ఒక్కటే.

బాధకు కారణమేమిటన్న ప్రశ్నలోనూ ఇదే కథ. ఏ తప్పూ లేకుండా సర్వం పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన ముగ్గురు మిత్రులు ఏడు రోజులు అతని పక్కన నేలమీద మాట్లాడకుండా కూర్చున్నారు, వారు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక వాళ్లు చెప్పినవి చాలావరకు సామెతల గ్రంథంలో ఉన్న మాటలే: నీతిమంతుడు వర్ధిల్లుతాడు, దుష్టుడు నశిస్తాడు. “నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను అది మహాభివృద్ధి పొందును” అన్న వాక్యాన్ని మనలో ఎందరో వాగ్దానంగా గుర్తుపెట్టుకుంటారు. అది ఆ మిత్రుల్లో ఒకడైన బిల్దదు మాట. దానికి మూడు వచనాల ముందే అతడు, నీ పిల్లలు పాపం చేశారు గనుక పోయారు అన్నాడు, పదిమంది బిడ్డల్ని ఒక్క రోజున పోగొట్టుకున్న తండ్రి ముఖం మీద. మరో మిత్రుడు ఎలీఫజు చెప్పిన ఒక వాక్యాన్ని పౌలు కొరింథీయులకు లేఖనంగా ఉదాహరించాడు కూడా. అయినా చివరి అధ్యాయంలో దేవుడు ఆ ఎలీఫజుతోనే, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నా గురించి యుక్తమైనది పలకలేదంటాడు. మంచివాణ్ణీ చెడ్డవాణ్ణీ తేడా లేకుండా దేవుడు నాశనం చేస్తున్నాడని కేకలు వేసిన యోబు యుక్తంగా పలికినవాడయ్యాడు, భక్తిగా దేవుణ్ణి సమర్థించినవాళ్లు దోషులయ్యారు. సామెతల మాట సామెతల్లో నిజమే, బూడిదలో కూర్చున్నవాడి దగ్గర తప్పయింది. ఇది నేను పైనుంచి రుద్దుతున్న వ్యాఖ్యానం అనుకోవద్దని వ్యాసకర్తకు మనవి. ఆ గ్రంథం తన ముగింపులో స్వయంగా ఇచ్చిన తీర్పు.

యోహాను సువార్తలో కూడా చూడండి. ముప్పై ఎనిమిదేళ్లు రోగంతో ఉన్నవాణ్ణి బాగుచేశాక యేసు దేవాలయంలో అతణ్ణి కలిసి, ఇంతకంటే ఎక్కువ కీడు కలగకుండా ఇక పాపం చేయకు అన్నాడు. నాలుగు అధ్యాయాల తరువాత పుట్టు గుడ్డివాణ్ణి చూసి, వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వాళ్లూ కాదు అన్నాడు. ఒకటి బాగుపడ్డ మనిషితో నేరుగా అన్న మాట. రెండోది, ఎదుటి మనిషి బాధను చర్చకు విషయంగా చేసుకున్నవారి నోరు మూయించిన మాట. సిలోయములో గోపురం కూలి 18మంది చనిపోయినప్పుడు కూడా, వాళ్లు అందరికంటే పాపులా అని ఆయన తన ముందున్నవారినే ప్రశ్నించాడు, చనిపోయినవారి లెక్క విప్పలేదు.

తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా పిల్లలమీదికి వస్తుందన్న నిర్గమకాండపు మాటనూ, తండ్రి దోషశిక్షను కుమారుడు మోయడన్న యెహెజ్కేలు 18నూ ఈ వెలుగులోనే చదువుతాను. మొదటిది విగ్రహం చేసుకోబోయే తండ్రులకు హెచ్చరిక. రెండోది చెరలో మగ్గుతూ, తండ్రులు ద్రాక్షకాయలు తింటే మా పళ్లు పులిశాయని నిరాశపడ్డ జనానికి చెప్పినది. తండ్రికి చెప్పవలసిన మాటను బిడ్డకు చెబితే అది క్రూరత్వం. మన సంఘాల్లో పుట్టుకతో జబ్బుపడ్డ పిల్లల తల్లిదండ్రులకు ఈ మొదటి వాక్యం చదివి వినిపించినవారిని నేను ఎరుగుదును.

ఇంతవరకు చెప్పినదానితో అన్నీ సర్దుకుంటాయని నేను అనడం లేదు. సర్దుకోవు. తండ్రుల కోసం పిల్లలకు మరణశిక్ష విధించకూడదని ద్వితీయోపదేశకాండం 24:16 శాసిస్తుంది. దాని తరువాతి అధ్యాయంలోనే ఐగుప్తునుంచి వస్తున్న ఇశ్రాయేలీయులమీద దాడిచేసిన అమాలేకు జాతి పేరు ఆకాశం కింద లేకుండా తుడిచివేయమన్న ఆజ్ఞ ఉంది. 1 సమూయేలు 15లో ఆ పాత నేరానికి ప్రతిగా పసిబిడ్డలను కూడా చంపమని రాజైన సౌలుతో చెప్పడం చదివినప్పుడు నాకు జవాబు లేదు. సౌలు గిబియోనీయులు అనే జనానికి చేసిన అన్యాయానికి అతని సంతానంలో ఏడుగురిని కొండమీద ఉరితీయడానికి తరువాత రాజైన దావీదు అప్పగించాడు. ఆ ఏడుగురిలో ఇద్దరికి తల్లి అయిన రిస్పా గోనెపట్ట పరచుకుని, కోతకాలం మొదలుకొని వాన కురిసేదాకా ఆ శవాల దగ్గరే ఉండి, పగలు పక్షులు వాలకుండా, రాత్రి మృగాలు దగ్గరికి రాకుండా కాచింది. ఆమె ఒక్క మాట కూడా మాట్లాడినట్టు లేదు. ఆ వధ న్యాయమో కాదో వ్యాఖ్యానించకుండానే, కథ రాసినవాడు ఆమె దగ్గర ఆగిపోయి ఆమెనే చూపించాడు. నాకు అంతకుమించి తెలియదు.

ఈ చిక్కులన్నీ తీసేస్తే సరిపోతుందనుకున్నవాడు 2వ శతాబ్దంలోనే ఒకడున్నాడు. మార్కియోను అనే అతడు, పగ తీర్చే దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అని తేల్చి, పాత నిబంధన మొత్తాన్ని పక్కనపెట్టి, కొత్తదానిలో లూకా సువార్తనూ పౌలు పత్రికలు పదింటినీ తనకు నచ్చినట్టు కత్తిరించి ఉంచుకున్నాడు. క్రీ.శ. 144 ప్రాంతంలో రోమా సంఘం అతణ్ణి వెలివేసింది. వైరుధ్యం లేని గ్రంథం కావాలంటే దొరికేది అటువంటిదే. అందులో 109వ కీర్తన ఉండదు, యోబు ఉండడు, రిస్పా ఉండదు. ఆదిమ సంఘం ఈ వైరుధ్యాలను చూడలేక ఉంచుకున్నదని అనుకోవడానికి లేదు. చూసి, తీసేయమన్నవాడి మాట విని, కాదని ఉంచుకుంది.

ఆ తల్లికి నేను చివరికి ఇచ్చిన జవాబు, తప్పు కాదమ్మా, చదువుకోండి అని. మూడో రోజున నేను అన్న మాటకు ఆమెను క్షమాపణ కూడా అడిగాను. 109వ కీర్తనలోని శాపాలు కీర్తనకారుడివే కావచ్చు, లేదా శత్రువులు అతనిమీద పలికిన మాటలను అతడు దేవుని ముందు తిరిగి వినిపిస్తుండవచ్చునని కొందరు పండితులు భావిస్తారని కూడా చెప్పాను. ఆమె ఆ వివరాన్ని పెద్దగా పట్టించుకోలేదు. కేసు ఇంకా నడుస్తోంది, ప్రతి వాయిదాకూ వెళుతున్నారు.

ఈమధ్య ఒక రోజు తరగతిలో నా కళ్లజోడు మరచిపోతే పెద్ద అక్షరాలున్న తన బైబిలు ఇచ్చారు. పేజీలు తిప్పుతుంటే 109వ కీర్తన దగ్గర తెరుచుకుంది, అంచు నలిగి ఉంది. పెన్సిలుతో గీసిన గీత ఒకటి కనిపించింది. “వాని బిడ్డలు తండ్రిలేనివారవుదురు గాక” అన్నచోట ఉంటుందనుకున్నాను. అక్కడ ఏమీ లేదు. గీత చాలా కిందికి, 22వ వచనం కింద ఉంది: “నేను దీనదరిద్రుడను, నా హృదయము నాలో గుచ్చబడియున్నది.”

ఇట్లు,
ఒక పాఠకుడు